నాగమ్మ: పేరొకటే, మనుషులు వేరు

నాగులచవితికి పుట్టలో పాలందుకునే దేవత పేరు నాగమ్మ. ఆ పేరుతోనే చరిత్రలో ఒకరు, జానపద కథలో ఒకరు ఉన్నారు. పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

ముందు చరిత్రలోని నాగమ్మ సంగతి. నాగులేటి ఒడ్డున కారంపూడి ఉంది. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది అక్కడే. గురజాల పాలకుడు నలగామరాజు మంత్రి నాయకురాలు నాగమ్మ. ప్రత్యర్థి మాచర్ల పక్షాన మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వారు వనవాసానికి వెళ్లాల్సి వచ్చింది. ‘పల్నాటి వీరచరిత్ర’ కర్త శ్రీనాథుడు, ఛందస్సు ద్విపద. కావ్యం బ్రహ్మనాయుడి వైపు మొగ్గుతుంది కాబట్టి నాగమ్మను వట్టి కుట్రదారుగా చూడటం అన్యాయమే. ‘పల్నాటి యుద్ధం’ సినిమాల్లో ఆమె పాత్ర వేసింది 1947లో కన్నాంబ, 1966లో భానుమతి.

జానపద కథలోని బాలనాగమ్మ వేరు. మాయల ఫకీరు ఎత్తుకుపోయిన రాణి ఆమె. విడిపించినవాడు కొడుకు బాలవర్ధి. 1942 జెమినీ చిత్రం ‘బాలనాగమ్మ’లో ఆ పాత్ర వేసింది కాంచనమాల, దర్శకుడు సి.పుల్లయ్య. అందులో ఫకీరుగా వేసిన గోవిందరాజుల సుబ్బారావే 1947 ‘పల్నాటి యుద్ధం’లో బ్రహ్మనాయుడు!

ప్రశ్నలో ‘నాయకురాలు’ అని ఉంటే గురజాల, ‘బాల’ అని ఉంటే ఫకీరు కథ. గుర్తుంచుకోండి.