పిల్లల సంరక్షణ కేంద్రం: కింది అంతస్తు ఎవరిది?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో తల్లి కూడా పనికి వెళ్తేనే పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. శనగ చేలో కూలి, మగ్గం, కుట్టుమిషను, దుకాణంలో కొలువు, ఆసుపత్రిలో పని. అలాంటి తల్లి చంటిబిడ్డను ముసలి అత్త ఒడిలోనో, పదేళ్ల కూతురి చేతిలోనో పెట్టి గడప దాటుతుంది. ఆ పదేళ్ల పిల్ల ముందు ఒక పూట బడి ఎగ్గొడుతుంది, తర్వాత పూర్తిగా మానేస్తుంది. అందుకే సంరక్షణ కేంద్రం ఒక్కటి నడిస్తే ఇద్దరు పిల్లలకు మేలు: లోపల బిడ్డ క్షేమంగా ఉంటుంది, ఆ బిడ్డ అక్క బడిలో ఉంటుంది.

చట్టం ఈ అవసరాన్ని ఎప్పుడో గుర్తించింది. ముప్పైమందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. యాభై మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు వెళ్లి రానివ్వాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ చెప్పింది. కానీ కూలికి వెళ్లే తల్లికి, ఇంట్లోనే కుట్టుపని చేసుకునే తల్లికి యజమానీ లేడు, సంస్థా లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు మేలు చేస్తున్నాయి. అయినా పొద్దున చీకటితో పోయి సాయంత్రం తిరిగొచ్చే తల్లి పనిగంటలకు అవి సరిపోవు. ఈ ఖాళీని పూరించవలసింది మనలాంటి సేవాసంస్థలే.

అలవాటైన నమూనా

ఊరి నడుమ సంస్థకు దొరికే స్థలం చిన్నది కాబట్టి మిద్దె మీద మిద్దె కట్టక తప్పదు. అప్పుడు కమిటీ ముందుకు వచ్చే నమూనా మనందరికీ తెలిసిందే: కింద దుకాణాలు అద్దెకు, పైన పిల్లలు. అద్దెతో ఆయాల జీతాలు గడుస్తాయన్న లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కలో ఒక ప్రశ్న మిగిలిపోతోంది. మంట అంటుకుంటే పైనున్న పిల్లలు ఎలా దిగుతారు?

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో మంటలు చెలరేగి 94 మంది పిల్లలు చనిపోయారు. నిప్పు పుట్టింది వంటగదిలో. అది తాటాకు పైకప్పుకు అంటుకుంది. పై అంతస్తులో ఉన్న చిన్నపిల్లలకు బయటపడే దారి దొరకలేదు. వాళ్లు బడి ఈడు పిల్లలు, నడవగలిగినవాళ్లు. ఇక మనం మాట్లాడుతున్నది నడక కూడా రాని పసివాళ్ల గురించి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కేంద్రంలో నలభైమంది పిల్లలు. ఏడాదిలోపు వాళ్లు ఎనిమిది మంది, ఏడాది నుంచి మూడేళ్ల వాళ్లు పన్నెండు మంది, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు ఇరవై మంది. ఎనిమిది మంది చంటిబిడ్డలకు ఇద్దరు ఆయాలు ఉన్నారనుకుందాం. ఒక ఆయా చంకకు ఒకరి చొప్పున ఇద్దరిని ఎత్తుకోగలదు. అప్పుడు మెట్ల కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. ఒక్క విడతలో దిగేది నలుగురు. మిగిలిన నలుగురి కోసం మళ్లీ పొగలోకి ఎక్కాలి. అదే గది నేలమీద ఉంటే, చక్రాల తొట్టిమంచంలో నలుగురిని కూర్చోబెట్టి ఒక్క తోపుతో వాకిట్లోకి చేర్చవచ్చు. రెండు మంచాలు, ఇద్దరు ఆయాలు, ఒకే విడత.

అందుకే ముందుగా ఒప్పుకోవలసిన సూత్రం ఇది: ఎవరు తమంతట తాము దిగలేరో వాళ్లు కింద ఉండాలి.

అంతస్తుల పంపకం

నాలుగు సెంట్ల స్థలం అంటే దాదాపు 1,740 చదరపు అడుగులు. చుట్టూ వదలవలసిన జాగా, చిన్న వాకిలి పోగా అంతస్తుకు సుమారు వెయ్యి అడుగులు వస్తాయనుకుందాం.

కింది అంతస్తులో మూడేళ్లలోపు ఇరవై మంది. ఒక్కొక్కరికి 25 అడుగుల చొప్పున రెండు గదులకు 500 అడుగులు. మిగతా సగంలో తల్లులు పాలిచ్చే గది, మరుగుదొడ్లు, వంటగది, మెట్లు. పాలిచ్చే గది గేటుకు దగ్గరగా ఉండాలి. పని మధ్యలో పరుగున వచ్చే తల్లికి ప్రతి నిమిషం విలువైనదే. తల్లులు రెండేళ్లు పాలివ్వడం గురించి ఖుర్ఆన్ ప్రస్తావించింది. దైవప్రవక్త (స) నమాజు పొడిగించాలనుకుని కూడా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో ఎరిగి కుదించేవారని హదీసుల్లో ఉంది. నమాజులోనే తల్లీబిడ్డల ఆదుర్దాకు అంత చోటిచ్చినప్పుడు, మన కట్టడంలో ఒక గది ఇవ్వలేమా?

మొదటి అంతస్తులో మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు. వీళ్లు వరుసగా ఒక తాడు పట్టుకుని మెట్లు దిగగలరు. దాన్ని నెలకోసారి సాధన చేయించాలి. అన్నింటికన్నా పైన సంస్థ కార్యాలయం, స్త్రీలకు కుట్టు శిక్షణ, సామాను గది. మన ఎండల్లో పైకప్పు వేడంతా దిగేది ఆ అంతస్తులోకే కనుక పిల్లల్ని అక్కడ ఉంచకూడదు. మెట్లు, సామాను గదులు పడమటి గోడకు చేరిస్తే, సాయంత్రపు ఎండ వాటి మీద ఆగి పిల్లల గదులు చల్లగా ఉంటాయి.

వంటగది వెనకవైపు, నిండు గోడ కట్టి, తలుపు బయటికి తెరుచుకునేలా ఉండాలి. సిలిండరు గోడ అవతల ఉండాలి. మెట్ల కింద కరెంటు మీటర్లు, ఇన్వర్టర్ బ్యాటరీ, బైకులు పెట్టడం మన ఊళ్లలో మామూలే. పిల్లల భవనంలో అది కుదరదు. దిగే దారిలోనే నిప్పును దాచినట్లవుతుంది.

మెట్లు, అంచులు, నేల

మెట్ల దారులు రెండు ఉండాలి, ఒకదానికొకటి దూరంగా. ఒకదాన్ని పొగ కమ్మితే రెండోది మిగులుతుంది. లిఫ్టు మంట సమయంలో దారి కాదు. మెట్టు ఎత్తు ఆరంగుళాలు మించకుండా, వెడల్పు అడుగు ఉంటే మంచిది. కమ్మీ పెద్దలకు మూడడుగుల ఎత్తున ఒకటి, పిల్లలకు రెండడుగుల ఎత్తున ఒకటి వేయాలి. ఊచలు నిలువుగా, నాలుగంగుళాల లోపు సందుతో ఉండాలి. అడ్డంగా వేస్తే పిల్లలకు అవే నిచ్చెన.

గండికోటకు వెళ్లినప్పుడు పెన్నా లోయ అంచున ఏ తల్లీ బిడ్డ చెయ్యి వదలదు. రెండేళ్ల పిల్లకు మొదటి అంతస్తు వరండా కూడా అలాంటి అంచే. పిట్టగోడ నాలుగడుగులకు తగ్గకూడదు, దాని పక్కన బల్ల, కుర్చీ ఉండకూడదు. కిటికీల ఇనుప గ్రిల్లుల్లో గదికొకటి పెద్దలు లోపలినుంచి తెరవగలిగేలా పెట్టాలి. పిల్లలు ఉన్నంతసేపు ఏ తలుపుకూ బయటినుంచి తాళం వేయకూడదు. గొళ్లెం పిల్లలకు అందని ఎత్తున ఉంటే చాలు. నీళ్ల సంపు మూతకు మాత్రం తాళం తప్పనిసరి.

కడప బండలు మనకు చేరువలో దొరికే మంచి రాయి. కానీ నునుపు చేసిన బండ తడిస్తే జారుతుంది. మరుగుదొడ్డిలో, చేతులు కడిగే చోట గరుకు బండలే వేయాలి. వాకిట్లో నల్లబండ ఎండకు కాలి పాదాలు బొబ్బలెక్కిస్తుంది. అక్కడ ఒక వేపచెట్టు నాటి, అది పెరిగేదాకా పందిరి వేయడం మేలు.

1907 జనవరి 6న మరియా మాంటిస్సోరి రోములో తన మొదటి బాలల గృహాన్ని తెరిచింది కార్మిక కుటుంబాలు కాపురముండే బహుళ అంతస్తుల భవనంలోనే. తల్లిదండ్రులు పనికి వెళ్లిన పిల్లల కోసమే అది పుట్టింది. కుర్చీలు, అరలు పిల్లల కొలతకు చేయించడం అక్కడి ప్రత్యేకత. మనమూ చేతులు కడిగే తొట్టి, గ్లాసుల అర, చెప్పుల గూడు వాళ్లకు అందే ఎత్తున పెడితే ఆయాకు సగం పని తగ్గుతుంది.

కనుచూపు మేర

గండికోట జామా మసీదులో ఈ పనికి పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. నడుమ విశాలమైన ప్రాంగణం, ప్రహరీ లోపలివైపు వరుసగా కమాను గదులు. ప్రాంగణంలో నిలబడితే చుట్టూ ఉన్నదంతా కంటికి ఆనుతుంది. మన చిన్న భవనంలోనూ గదులు వాకిలివైపు తెరుచుకుంటే, గాలీ వెలుతురూ వస్తాయి, ఒక ఆయా కూర్చున్న చోటినుంచే అందరినీ చూడగలదు. మలుపులూ చీకటి మూలలూ ఉన్న నడవలో ఎంతమంది ఆయాలున్నా చాలరు.

అద్దె సంగతి

దుకాణాలు లేకపోతే రాబడి తగ్గుతుంది. ఆ లోటును దాచకుండా ముందే దాతలకు చెప్పాలి. పై అంతస్తులో కొంత భాగాన్ని కార్యాలయానికి అద్దెకివ్వవచ్చు, అయితే వచ్చిపోయేవాళ్లు పిల్లల గదుల మీదుగా నడవకుండా గేటు విడిగా ఉండాలి. వీధివైపు ఒక్క చిన్న దుకాణం తప్పదనుకుంటే, నిండు గోడతో వేరుచేసి, గ్యాసు పొయ్యి, నూనెలు, ప్లాస్టిక్కు, టపాకాయలు లేని వ్యాపారానికే ఇవ్వాలి. మిగతా లోటుకు నెలనెలా చందా రాయించుకోవాలి. జకాతు, సదఖా నిధుల్లో ఏది ఏ ఖర్చుకు వాడవచ్చో ఆలిములను అడిగి తేల్చుకోవాలి. పునాది తీయకముందే నమూనాను అగ్నిమాపక శాఖవారికి చూపించాలి. గోడలు లేచాక రెండో మెట్ల దారికి చోటు దొరకదు.

తల్లి మన చేతిలో పెట్టి వెళ్లే బిడ్డ అమానతు. సాయంత్రం ఆ బిడ్డను నవ్వుతూ తిరిగి అప్పగించడమే ఆ అమానతు తీర్చడం. భవనం ఎన్ని అంతస్తులైనా కట్టుకుందాం. కింది అంతస్తు మాత్రం పసిబిడ్డలదని మొదటి సమావేశంలోనే తీర్మానం రాసుకుందాం.