రొమ్ములో గడ్డ : అదను తప్పనీయరాదు

అనంతపురము పీఠభూమిపై సేద్యము చేయు రైతునకు అదనును గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు సీమ ఇది. పదును వాన పడిన పిమ్మట నాలుగు నాళ్లు ఏమరినచో వేరుసెనగ పంట చేజారిపోవును. దేహమునకు వచ్చు కొన్ని వ్యాధులకును ఇట్టి అదను కలదు. స్త్రీల రొమ్ములో పుట్టు క్యాన్సరు అట్టి వ్యాధి. మన పెద్దలు క్యాన్సరును రాచపుండు అనిరి. ఆ పేరు విన్నంతనే ఇంటిల్లిపాదియు ఆశ వదలుకొనెడి కాలము ఒకటి యుండెను. నేడు ఆ స్థితి లేదు. తొలిదశలో కనుగొన్నచో ఈ వ్యాధి చాలమందికి నయమగుచున్నది. ఆ అదనును కాపాడుటలో గ్రామ పంచాయతీ చేయదగిన పని యేమో ఇచట తెలిసికొందము.

ఆలస్యము వలన నష్టము

అంతర్జాతీయ అంచనాల ప్రకారము 2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు క్రొత్తగా రొమ్ము క్యాన్సరు వచ్చినది. సుమారు 98,000 మంది ఆ వ్యాధితో మరణించిరి. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో, ఈ వ్యాధి వచ్చినవారిలో అయిదేండ్లు జీవించినవారు అమెరికాలో నూటికి 90 మంది కాగా, మన దేశమున 66 మంది మాత్రమే. ఈ వ్యత్యాసమునకు ఒక ముఖ్య కారణము మన స్త్రీలు వ్యాధి ముదిరిన పిదప వైద్యుని కడకు వచ్చుటయే.

ఈ ఆలస్యము ఎట్లు జరుగునో ఒక ఉదాహరణముతో చూతము. నలుబదియైదేండ్ల ఒక ఇల్లాలికి స్నానము చేయునపుడు రొమ్ములో వేరుసెనగ గింజంత గడ్డ చేతికి తగిలినదనుకొందము. నొప్పి లేదు గనుక ఆమె ఎవరికిని చెప్పలేదు. కలుపు తీయు పని ముగిసిన పిదప చూపించుకొందు ననుకొనెను. తరువాత కాయలు పెరుకు పని వచ్చినది. పిమ్మట కూతురి పురుడు వచ్చినది. ఆ పైన కూలి పనులకై కుటుంబమంతయు బెంగుళూరునకు వలస పోయినది. మధ్యలో ఎవరో చెప్పగా ఆకు పసరు కట్టుకొనెను. ఉగాదికి ఊరు చేరునాటికి గడ్డ నిమ్మకాయంత యైనది. చంకలో మరియొక గడ్డ కానవచ్చినది. ఇందు తప్పు చేసినవారెవరును లేరు. నొప్పి లేకపోవుటయే ఆమెను మోసగించినది. మొదటి వారముననే ఆమెను ఆసుపత్రికి పంపదగిన మాట ఊరిలో ఒక్కరైనను చెప్పియుండినచో కథ వేరుగా నుండెడిది.

గడ్డలన్నియు క్యాన్సరు కావు

గడ్డ కనబడగనే భయపడుట తగదు. రొమ్ములో వచ్చు గడ్డలలో అధిక భాగము క్యాన్సరు కానివే. పడుచు వయస్సున చేతికి జారుచు కదలెడి కండ గడ్డలు, నడి వయస్సున నీటి తిత్తులు, బాలెంతలకు చీము గడ్డలు, నెలసరికి ముందు బరువు, నొప్పి సాధారణముగా కలుగుచుండును. అయితే చేతితో తాకి చూచి “ఇది మంచి గడ్డ, ఇది చెడ్డ గడ్డ” యని ఇంటివారు గాని, ఊరి వైద్యుడు గాని నిర్ణయింపరాదు. బాలెంతకు వచ్చిన గడ్డయే యైనను మందులకు తగ్గనిచో మరల పరీక్షింపవలెను.

ఈ క్రింది గుర్తులలో ఏది కానవచ్చినను ఆ వారముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. రొమ్ములో గాని, చంకలో గాని క్రొత్తగా గడ్డ తగులుట. చర్మము సొట్టపడుట, లేక మన తోటలలోని చీనీకాయ తొక్కవలె గుంటలు గుంటలుగా నగుట. చనుమొన క్రొత్తగా లోనికి పోవుట. చనుమొన నుండి నెత్తురు కారుట. చనుమొనపై మానని పుండు లేక పొలుసు లేచుట. ఒక రొమ్ము ఆకారము మారుట. ఈ వ్యాధి అరుదుగా పురుషులకును వచ్చును గనుక వారును ఇట్టి గడ్డను ఉపేక్షింపరాదు.

మూడు పరీక్షలు

గడ్డ యెట్టిదో తేల్చుటకు వైద్యశాస్త్రము మూడు మెట్లను ఏర్పరచినది. మొదటిది వైద్యుని చేతి పరీక్ష. రెండవది చిత్ర పరీక్ష. వయస్సు తక్కువ గలవారికి సాధారణముగా అల్ట్రాసౌండు, నలుబది దాటినవారికి మామోగ్రాము అను రొమ్ము ఎక్సురేయు, అవసరమును బట్టి రెండును చేయుదురు. మూడవది సూది పరీక్ష. గడ్డ నుండి సన్నని తునుక తీసి సూక్ష్మదర్శినితో చూతురు. ఈ మూడును ఏకీభవించినపుడే నిర్ణయము నిలుచును. మొదటిది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున జరుగును. తక్కినవాటికి అనంతపురములోని ప్రభుత్వ సర్వజన వైద్యశాల వంటి పెద్ద ఆసుపత్రికి పోవలెను.

సూది గ్రుచ్చినచో వ్యాధి ఒళ్లంతయు ప్రాకునను భయము గ్రామములలో కలదు. అది నిజము కాదు. సూది పరీక్ష చేయకుండ గడ్డను కోసివేయుటయే హాని. గడ్డ చిన్నదిగా నున్నపుడు వచ్చినచో, పెక్కుమందికి రొమ్మును పూర్తిగా తొలగింపక గడ్డను మాత్రమే తీసి కిరణ చికిత్స చేయవచ్చును. మందులును వృద్ధి పొందినవి. మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున అమెరికాలో రూపొందిన మెథోట్రెక్సేటు అను ఔషధము, ఇతర మందులతో కలిపి రొమ్ము క్యాన్సరు చికిత్సలో వాడబడినది.

గడ్డ లేనివారికి పరీక్ష యేల?

కొన్ని గడ్డలు స్త్రీకి తెలియకముందే శిక్షణ పొందిన చేతికి తగులును. అందుచే జాతీయ కార్యక్రమము క్రింద 30 నుండి 65 ఏండ్ల వయస్సు గల స్త్రీలకు అయిదేండ్లకు ఒకసారి ఆరోగ్య కార్యకర్త చేతి పరీక్ష చేయవలెనని 2016లో నిర్ణయింపబడినది. ఇది ఫలించునా యని సందేహింపనక్కరలేదు. టాటా స్మారక ఆసుపత్రివారు 1998లో ముంబాయి మురికివాడలలో సుమారు 1,50,000 మంది స్త్రీలతో ఒక గొప్ప పరిశీలన ప్రారంభించిరి. వారిలో సగము మందికి శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేండ్లకు ఒకసారి చేతి పరీక్ష చేసిరి. 2021లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, పరీక్ష పొందినవారిలో వ్యాధి తక్కువ ముదిరిన దశలో బయటపడినది. 50 ఏండ్లు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి మరణములు నూటికి దాదాపు 30 వంతులు తగ్గినవి. అంతకు చిన్న వయస్సు వారిలో అట్టి తగ్గుదల స్పష్టముగా కానరాలేదు. కావున ఒకసారి పరీక్షలో ఏమియు లేదన్నంత మాత్రమున అయిదేండ్లు నిశ్చింతగా నుండరాదు. నడుమ గడ్డ తగిలినచో వెంటనే రావలెను.

పంచాయతీ చేయదగిన పనులు

వైద్యము వైద్యుని పని. వైద్యుని కడకు దారి వేయుట పంచాయతీ పని. రాజ్యాంగము 11వ షెడ్యూలులో ఆరోగ్యమును, స్త్రీ శిశు అభివృద్ధిని పంచాయతీలకు అప్పగింపదగిన అంశములలో చేర్చినది.

మొదటిది, చాటు గల గది. ఉపకేంద్రమున తలుపు, తెర, బల్ల లేనిచో ఏ స్త్రీయు పరీక్షకు రాదు. పరీక్ష చేయువారు స్త్రీలే కావలెను. కాయ పెరుకు దినములలో గాక పని తగ్గిన దినములలో పరీక్ష ఏర్పాటు చేయవలెను. వలసపోయినవారు ఉగాదికి, ఊరి జాతరకు తిరిగివచ్చు వారమును తప్పక వినియోగించుకొనవలెను.

రెండవది, లెక్క. ప్రతి మూడు నెలలకు ఒకసారి ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను నాలుగు సంఖ్యలు అడుగవలెను. ముప్పది దాటిన స్త్రీలెందరు? పరీక్ష పొందినవారెందరు? పెద్ద ఆసుపత్రికి పంపబడినవారెందరు? వారిలో నిజముగా అచటికి చేరి పరీక్షలు ముగించుకొన్నవారెందరు? సంఖ్యలనే అడుగవలెను గాని పేర్లు అడుగరాదు. ఒక స్త్రీ గుట్టు రచ్చబండ కెక్కినచో తక్కిన వందమంది పరీక్షకు రారు.

మూడవది, తోడు, దారిఖర్చు. పరీక్షకు పంపబడిన స్త్రీ బస్సు ఛార్జీ లేక, తోడు లేక ఆగిపోవుట కలదు. నిరుపేద కుటుంబమునకు వైద్యము అందుటకై గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు నిధి నుండి ప్రత్యేక పరిస్థితులలో సహాయము చేయవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక లక్ష్యము నిర్దేశించినది : స్త్రీ మొదట వైద్యుని చూచిన దినము నుండి 60 దినములలో రోగనిర్ణయము పూర్తి కావలెను. మన ఊరి లెక్కకును ఇదియే కొలబద్ద.

నాల్గవది, చికిత్స పూర్తి యగువరకు అండ. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. నేడు అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అను పేర నడచుచున్నది. అర్హత గలవారికి క్యాన్సరు చికిత్స అందు చేరియున్నది. చికిత్సకై పోవు క్యాన్సరు రోగులకు రైలు ఛార్జీలలో రాయితీ కలదు. మందు చికిత్స నెలల తరబడి, కిరణ చికిత్స వారముల తరబడి సాగును. రెండు విడతలైన పిదప డబ్బుకో, పనికో మానివేసినచో మొదటి శ్రమయు వృథా యగును.

అయిదవది, మంచి మాట. ఈ వ్యాధి అంటునది కాదు, పాపఫలము కాదు, కంచము, మంచము వేరు చేయవలసిన పని లేదు. ఈ మాట పంచాయతీ మహిళా సభ్యులు చెప్పినచో ఊరి ఆడువారు విందురు; పురుష సభ్యులు తమ యింట ఆచరించినచో ఊరి మగవారు విందురు.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన సామెత. వేరుసెనగ గింజంత గడ్డను ఉపేక్షించి నిమ్మకాయంత చేసికొనుట మన చేతులార మనము చేసికొను నష్టము. రానున్న పంచాయతీ సమావేశమున పై నాలుగు సంఖ్యలను తెప్పించి చదువుడు. నాలుగవ సంఖ్య మూడవ దానికంటె ఎంత తక్కువయో అందరు స్త్రీలు నేడు మన ఊరిలో తోడు కొరకు ఎదురుచూచుచున్నారని తెలిసికొని, వారికి దారి చూపుడు.