రంగునీటి శుద్ధి: కొన్న ధర చూడవలెనా, కడపటి ఖర్చు చూడవలెనా?



సంఘపు అద్దకపు షెడ్డులో రంగునీటి శుద్ధికి యంత్రము పెట్టవలెనన్న మాట రాగానే సభ్యులడుగు మొదటి ప్రశ్న "ధర యెంత?" అనునది. మేమును మొదట అట్లే అడిగితిమి. అది సగము ప్రశ్న మాత్రమే. యంత్రము పెట్టిననాటి నుండి పాతబడి తీసివేయు వరకు అగు ఖర్చంతయు కూడినగాని ఏది చౌకయో తేలదు.

తిరుప్పూరే ఇందుకు సాక్ష్యము. అక్కడ మొదట కట్టిన ఉమ్మడి శుద్ధి కేంద్రములు రంగును తగ్గించినవి గాని ఉప్పును తీయలేదు. నూలుకు రంగు పట్టుటకు మనము వేయు ఉప్పు నీటిలో కరిగియే యుండును. సున్నము, పటిక వేసినను అడుగునకు దిగదు. ఆ నీరు నొయ్యల్ నదిలో కలిసి, ఒరత్తుపాళయం ఆనకట్టలో నిలిచి, రైతులకు నష్టము తెచ్చినది. చుక్క నీరైనను బయటికి విడువరాదని మద్రాసు హైకోర్టు 2006లో ఆజ్ఞాపించినది. అది సరిగా అమలుకానందున 2011 జనవరి 28న అద్దకపు షెడ్లను మూయించుటకు ఉత్తరువు చేసినది. చౌకగా జరిగిన పనికి రెండుమార్లు సొమ్ము పెట్టవలసి వచ్చినది.

కావున లెక్కలో ఈ పద్దులన్నియు ఉండవలెను:

1. యంత్రము, తొట్లు, కట్టుబడి.
2. ఏటేట కరెంటు, వంటచెరకు, మందులు, కూలి.
3. ఉప్పును వడకట్టు పొరలు, పంపులు మార్చు ఖర్చు.
4. బురద తరలింపు.
5. కడపట విప్పి తీసివేయు ఖర్చు.

తిరిగి వాడుకొను నీటి విలువను, ఉప్పు విలువను, పాత ఇనుము ధరను ఇందులో తగ్గించవలెను.

ఒక ఊహా లెక్క చూతము. రెండు యంత్రములును ఉప్పుతో సహా ఒకే తీరున శుద్ధి చేయును. మొదటిది 4 లక్షలు, ఏటి ఖర్చు 1,20,000. రెండవది 6 లక్షలు, ఏటి ఖర్చు 60,000. అయిదవ యేట పొరలకు మరి 50,000. పదేండ్లకు మొదటిదానికి 16 లక్షలు, రెండవదానికి 12 లక్షల 50 వేలు అగును.

కాని రేపటి రూపాయి నేటి రూపాయితో సమానము కాదు. నూటికి 10 వడ్డీ చొప్పున, అయిదేండ్లకు కావలసిన 50,000కు నేడు సుమారు 31,000 దాచిన చాలును. ఈ ప్రకారము అన్నిటిని నేటి విలువకు దించిన మొదటిది 11,37,000, రెండవది 10 లక్షలు. ఎక్కువ ధరదే చౌక! అయితే షెడ్డు మూడేండ్లకే మూతపడునెడల మొదటిదే చౌకయగును. అందుచేత ముందు, ఎన్నేండ్లు నడుపగలము, ఏటికి ఎంత నూలు అద్దగలము అని నిజాయితీగా తేల్చుకొనవలెను.

టెండర్లు తెరచునాడు ధరతోబాటు కరెంటు యూనిట్లు, పొరల ఆయుర్దాయము, బురద బరువు వ్రాతపూర్వకముగా అడుగుడు. షెడ్డు మూతపడిన, మొదట ఆగునది మన మగ్గమే.