ఒంటి ఊపిరితిత్తి మీద మత్తు



మనవరాలా, ఎనస్తీషియా పీజీలో చేరావు కనుక ముందు హైదరాబాద్‌లోని నయాపూల్ చరిత్ర తెలుసుకో. ఆ వంతెన దగ్గర, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న మూసీ ఒడ్డునే అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 వరద దాన్ని తుడిచిపెట్టింది. దాని పేరు ఆనాటి మత్తుమందు క్లోరోఫారం చరిత్రతో ముడిపడింది. క్లోరోఫారం ఇచ్చినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఇంగ్లండ్ డాక్టర్లను చీల్చిన ఈ వాదం తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు వేశారు. నడిపినవాడు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి రప్పించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని, నాడి చూడాల్సిన పని లేదని తేల్చారు.

1911లో ఎ.జి. లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద ఇంకోటి చూపించాడు: క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చు. ఊపిరి కనిపెట్టమన్న హైదరాబాద్ మాట ఈనాటికీ శిరోధార్యమే, నాడిని వదిలేయడమే పొరపాటు.

ఒక్క గుర్తునే చూసి మిగతాది వదిలేసే ఈ చిక్కు ఊపిరితిత్తి ఆపరేషన్ విషయంలోనూ ఉంది. సర్జన్ కోసే వైపు ఊపిరితిత్తిని ముడిచి, రెండో దానితోనే గాలి ఆడిస్తారు. భారమంతా మోసే ఆ ఊపిరితిత్తి సాగి నలుగుతుంది. ముడుచుకున్నది మళ్లీ తెరుచుకుని, గాలీ రక్తమూ ఒక్కసారిగా చేరేసరికి అదీ దెబ్బతింటుంది. రెండింటిలోనూ ఇన్‌ఫ్లమేషన్ లేస్తుంది, ఐఎల్-6 వంటి పదార్థాలు పెరుగుతాయి.

మత్తుమందు ఈ ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించగలదా? 2009లో జూరిక్ బృందం 54 మంది రోగులను పరీక్షిస్తే, సిరలోకి ప్రొపొఫాల్ మత్తు తీసుకున్నవాళ్లకంటే సెవోఫ్లూరేన్ పీల్చినవాళ్లలో ఆ పదార్థాలు తక్కువ, ఇక్కట్లూ తక్కువ. ఎంత ఆశ! 2016లో స్విట్జర్లాండ్‌లోనే, ఈసారి పీల్చే మరో మందు డెస్‌ఫ్లూరేన్‌తో, 460 మందిని చూశారు. పెద్ద ఇక్కట్లలో ప్రొపొఫాల్‌కూ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

డెక్స్‌మెడెటొమిడిన్ అనే మందు మీదా చిన్న అధ్యయనాలు చాలా వచ్చాయి. వాటిలో ఐఎల్-6 తగ్గిందని రాస్తారు, అది నిజమే. అయితే ఆ మందు నాడిని నెమ్మదింపజేస్తుంది, బీపీ దించుతుంది. రక్తంలో ఒక అంకె తగ్గినంత మాత్రాన రోగికి న్యుమోనియా తప్పినట్టు కాదు.

అందుకే తల్లీ, జర్నల్ చదివినప్పుడు ఐఎల్-6 దగ్గరే ఆగకు. ఎంతమందికి న్యుమోనియా వచ్చింది, ఎంతమంది మళ్లీ వెంటిలేటర్ ఎక్కారు, ఎన్నాళ్లకు ఇల్లు చేరారు అన్న పట్టిక వెతికి, చదివింది నాకు రాయి.