ఇత్తడికీ అలసట ఉంటుంది

దోహా నగరంలో అల్ దోహా అల్ జదీదా అనే పేటకు 'కొత్త దోహా' అని అర్థం. అక్కడి మెట్రో స్టేషనులో ఎర్ర లైను రైలెక్కినవారు ఉత్తరాన లుసైల్ వరకు వెళ్ళవచ్చు. ఆ లుసైల్‌లోనే ప్రసిద్ధమైన షూటింగ్ క్రీడాప్రాంగణం ఉన్నది. 2006 డిసెంబరులో ఆసియా క్రీడల తుపాకి పోటీలు అక్కడే జరిగాయి. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్తోలు పోటీలో భారతదేశపు జస్పాల్ రాణా 590 పాయింట్లు సాధించి, నాటి ప్రపంచ రికార్డును సమం చేశారు.

ఆ పోటీలో ఒక్కొక్క క్రీడాకారుడు 60 తూటాలు కాల్చాలి. కాల్చిన ప్రతి తూటాకూ ఒక ఖాళీ ఇత్తడి గుల్ల మిగులుతుంది. అనుమతి ఉన్న దేశాలలో, ముఖ్యంగా అమెరికాలో, చాలామంది క్రీడాకారులు ఆ గుల్లలను ఏరి, శుభ్రపరచి, మళ్ళీ నింపి వాడుకుంటారు. తూటాలోని భాగాలలో తిరిగి పనికివచ్చేది గుల్ల ఒక్కటే. అయితే ఏరిన గుల్లలన్నీ నమ్మదగినవి కావు. చూపుకు ఒకేలా మెరిసే రెండు గుల్లలలో ఒకటి గట్టిది, మరొకటి ప్రమాదకరమైనది కావచ్చు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది, దానిని ఎలా పసిగడతారు అన్నదే ఈ వ్యాస విషయం.

గుల్ల చేసే పని

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, వీటన్నిటినీ కలిపి పట్టుకునే ఇత్తడి గుల్ల. పిస్తోలు మీట నొక్కగానే ప్రైమరు అంటుకుని, మందు క్షణంలో వాయువుగా మారుతుంది. 9 మిల్లీమీటర్ల సాధారణ పిస్తోలు తూటాలో ఆ వాయువుల ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల వరకు ఉండవచ్చు. కారు టైరులోని గాలి ఒత్తిడి సుమారు 30 పౌండ్లు. అంటే ఆ చిన్న గుల్ల టైరుకన్న వేయిరెట్లకు మించిన ఒత్తిడిని ఓర్చుకుంటున్నదన్నమాట.

ఆ క్షణంలో గుల్ల రెండు పనులు చేయాలి. మొదట ఉబ్బి తుపాకి గదిగోడలకు అతుక్కుపోయి, వేడి వాయువులు వెనుకకు, కాల్చేవాని ముఖంవైపు, రాకుండా అడ్డుకోవాలి. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకుని, సులువుగా బయటికి రావాలి. సాగే గుణం లేకుంటే గుల్ల పగులుతుంది. తిరిగి ముడుచుకునే గుణం లేకుంటే లోపలే ఇరుక్కుంటుంది. ఈ రెండు గుణాలూ తగుపాళ్ళలో ఉన్నందువలననే నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు కలిపిన ఇత్తడిని దీనికి ఎన్నుకున్నారు.

బిరుసెక్కే లోహం

ఇత్తడి తెలుగు ఇళ్ళకు కొత్తది కాదు. పెంబర్తి పనివారి రేకుపనినో, ఊరి కంచరి పనినో గమనించినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. రేకును సుత్తితో కొడుతూ పోతే అది క్రమంగా బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే అంచున చీలుతుంది. అందుకే పనివాడు మధ్యమధ్య దానిని నిప్పులో కాచి, మెత్తబరచి, మళ్ళీ సుత్తి అందుకుంటాడు. లోహంలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. దెబ్బ పడినప్పుడల్లా ఆ వరుసలు జారి, చిక్కులు పడతాయి. చిక్కులు ఎక్కువైనకొద్దీ జారడానికి చోటుండదు. లోహం వంగడం మాని విరుగుతుంది. కాచినప్పుడు వరుసలు తిరిగి సర్దుకుంటాయి.

గుల్లకు జరిగేదీ ఇదే. కాల్చినప్పుడు ఉబ్బుతుంది. మళ్ళీ నింపేముందు అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెస్తారు. గుండు కూర్చడానికి మూతిని కొద్దిగా వెడల్పు చేసి, తరువాత బిగిస్తారు. ఇలా ప్రతి ఆవృత్తిలోనూ మూతి వద్ద ఇత్తడి సాగి, ముడిచి, బిరుసెక్కుతుంది. అందుచేతనే పిస్తోలు గుల్లలలో పగులు సాధారణంగా మూతి వద్దనే మొదలవుతుంది.

మరి కంచరివలె కాచి మెత్తబరచరాదా అని పాఠకులు అడగవచ్చు. ఇక్కడే చిక్కు ఉన్నది. గుల్ల మూతి మెత్తగా ఉండాలి, అడుగు గట్టిగా ఉండాలి. మొత్తం కాచితే అడుగు కూడా మెత్తబడి, ఒత్తిడికి ఓర్వలేక చిట్లుతుంది. బిందెకు మేలు చేసే నిప్పు గుల్లకు కీడు చేస్తుంది. కనుక అలసిన పిస్తోలు గుల్లను బాగుచేయాలని చూడకుండా, తీసి పారవేయడమే క్షేమకరం.

వానాకాలపు పగుళ్ళు

ఇత్తడి లోపల దాగిన బలహీనతను గూర్చిన మొదటి గొప్ప పాఠం భారతదేశంలోనే వెలువడింది. బ్రిటిష్ పాలనలో సైన్యపు తూటాలు వానాకాలంలో, ఎవరూ ముట్టకుండానే, పెట్టెలలో పగిలిపోయేవి. అవి బాగా తయారైనవే, కాల్చనివే. ఋతువును బట్టి వచ్చే ఈ తెగులుకు ఆంగ్లంలో 'సీజన్ క్రాకింగ్' అనే పేరు నిలిచిపోయింది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు దీని కారణాన్ని వివరించారు. గుర్రపుశాలల మూత్రం, పేడల నుంచి వెలువడే అమోనియా వాయువు వానాకాలపు తేమతో కలిసి ఇత్తడిని తాకేది. తయారీ సమయంలో గుల్లలో నిలిచిపోయిన బిగువు అప్పటికే దానిని లోపలినుంచి లాగుతూ ఉండేది. ఒంటరిగా ఏ ఒక్కటీ పగులగొట్టలేని గుల్లను రెండూ కలిసి పగులగొట్టేవి. తయారీ చివర సుమారు 250–300 డిగ్రీల సెల్సియస్ వరకు మెల్లగా వేడిచేస్తే, గట్టితనం పోకుండానే బిగువు సడలుతుందని తేలింది. ఆ విధానంతో తెగులు అదుపులోకి వచ్చింది.

ఈ చరిత్ర నేటికీ అక్కరకు వస్తుంది. అమోనియా కలిసిన మెరుగు ద్రావణాలతో గుల్లలను తోమితే అవి తళతళలాడతాయి, కాని లోపల బలం కోల్పోతాయి.

ఏరివేసే క్రమం

అనుభవజ్ఞులు గుల్లలను ఒక క్రమంలో పరీక్షిస్తారు.

మొదటిది జాతి నిర్ణయం. అడుగున ముద్రించిన అక్షరాలను, అంకెలను చదివి కొలతలవారీగా వేరుచేస్తారు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో జట్టుగా స్వర్ణపతకం గెలిచిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో వాడేది .22 రిమ్ ఫైర్ తూటా. దానిలో నిప్పు పుట్టించే పదార్థం అడుగు అంచులోనే ఉంటుంది. కాల్చగానే ఆ అంచు నలిగిపోతుంది. కనుక ఆ గుల్లలు తిరిగి నింపడానికి పనికిరావు.

రెండవది అయస్కాంతం. ఇత్తడిని అయస్కాంతం లాగదు. అతుక్కుంటే అది ఇత్తడి పూత పూసిన ఉక్కు, పక్కన పెట్టాలి.

మూడవది అడుగులోని రంధ్రాలు. నడుమ ఒకే రంధ్రం ఉంటే ఇంగ్లండుకు చెందిన బాక్సర్ పద్ధతి, రెండు చిన్న రంధ్రాలుంటే అమెరికాకు చెందిన బెర్డాన్ పద్ధతి. రెండవ రకంలో పాత ప్రైమరును తీయడం కష్టం కనుక సాధారణంగా దానిని వదిలేస్తారు.

నాలుగవది చూపు. మూతి వద్ద వెంట్రుకవాసి పగులు, అడుగు దగ్గర ఒకవైపు ఉబ్బు, ప్రైమరు చుట్టూ మసి, జింకు కరిగిపోయి రాగి మిగిలిన ఎర్రని మచ్చలు ఇవన్నీ నిరాకరణకు తగిన కారణాలే. కొత్త ప్రైమరు వేలితో నొక్కగానే వదులుగా దిగిపోతే, ఆ గుల్ల అడుగు సాగిపోయిందని అర్థం.

ఐదవది వినికిడి. కొన్ని గుల్లలను దోసిట్లో పోసి మెల్లగా కదిలిస్తే, మంచివి గలగలమని మోగుతాయి. పగిలినది ఒక్కటున్నా ఆ మోతలో బొంగురుగా వినిపిస్తుంది. సంతలో కుండ కొనే ఇల్లాలు వేలితో తట్టి చూసేదీ ఈ కారణంచేతనే.

చివరిది పట్టు. మూతి గుండును గట్టిగా పట్టుకోకపోతే, తూటా పిస్తోలులోకి ఎక్కేటప్పుడు గుండు లోనికి జరగవచ్చు. లోపలి చోటు తగ్గితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. సందేహం కలిగిన గుల్లను సందేహం తీరేదాకా ఉంచుకోరు. వెంటనే నలగగొట్టి పాత ఇత్తడిలో వేస్తారు. నలగగొట్టకపోతే, మరొకరు దానిని ఏరుకునే అవకాశముంటుంది.

కుటుంబాలకు రెండు మాటలు

తుపాకి ముట్టని కుటుంబాలకు కూడా ఈ విషయంతో పని ఉన్నది. పోటీలు చూడబోయిన పిల్లలు మెరిసే గుల్లను జ్ఞాపికగా జేబులో వేసుకోవచ్చు. చాలా ప్రైమర్లలో సీసపు లవణాలుంటాయి. కాల్చిన గుల్లలో వాటి మసి మిగులుతుంది. సీసం ఏ మోతాదులోనైనా పిల్లల మెదడుకు క్షేమమని వైద్యశాస్త్రం చెప్పడం లేదు. గుల్లను బొమ్మగా ఇవ్వరాదు, వంటపాత్రల పక్కన తోమరాదు, తాకినవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రెండవది ప్రయాణం. భారతదేశపు 1959 ఆయుధాల చట్టంలో 'మందుగుండు' అనే మాటకిచ్చిన నిర్వచనం దాని భాగాలను కూడా కలుపుకుంటుంది. తాళంచెవులకు తగిలించిన ఖాళీ గుల్ల అయినా విమానాశ్రయ తనిఖీలో బయటపడితే, అది అలంకారమని నమ్మించే భారం ప్రయాణికునిపై పడుతుంది. ఖతార్‌లోనూ అనుమతి లేకుండా ఆయుధాలు, మందుగుండు ఉంచుకోవడం నేరం. సెలవులకు ఊరు వెళ్ళే కుటుంబం పెట్టె సర్దుకునేటప్పుడు పిల్లల సంచీలను, జేబులను ఒకసారి వెదకడం మంచిది.

అటకమీది బిందె అయినా, మైదానంలో పడిన గుల్ల అయినా, ఇత్తడి తాను పడిన దెబ్బలన్నిటినీ లోపల దాచుకుంటుంది. పైమెరుపు ఆ కథ చెప్పదు. తట్టి విని, తిప్పి చూసి, తెలియనప్పుడు వదిలిపెట్టినవాడే దాని చేత మోసపోకుండా ఉంటాడు.