ఆకు మీద అందం

చెల్లీ, ఇంటికి చుట్టాలొస్తున్నారంటే వంట కోసం పడే ఆరాటంలో సగమైనా వడ్డన కోసం పడుతున్నామా? పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే నిలబడతాం. తీరా అందరూ కూర్చున్నాక కుక్కర్, మూకుడు, గిన్నెలు ఎలా ఉన్నవి అలాగే తెచ్చి బల్ల మీద పెట్టేస్తాం. అంత కష్టపడి వండింది అలా కనబడితే నాకు మనసొప్పదు.

మన గరివిడి వైపు వంటలకు ఇంకో చిక్కుంది. చాలావాటిది ముదురు రంగే. బెల్లం పడిన ఉల్లిపాయల పులుసు, నువ్వుగుండ వేసిన వంకాయ కూర, ఆవ పెట్టిన కంద బచ్చలి. స్టీలు కంచంలో వేస్తే అన్నీ ఒక్కలాగే కనబడతాయి. అవే కూరలు పచ్చటి అరిటాకు మీద వడ్డించి చూడు, దేని రంగు దానికి తేలుతుంది. అందుకే డిన్నర్ సెట్టు కంటే ముందు ఆకు సంగతి చూసుకోమంటాను.

ఆకు కొస తినేవాళ్ల ఎడమ చేతి వైపు ఉండాలి. తడిగుడ్డతో తుడిచి, సెగ మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే మెత్తబడి, మడత దగ్గర చిరగదు. ఉప్పు, పచ్చడి, కూరలు పై సగంలో, అన్నం కింది సగంలో. వంకాయ కూర పక్కనే కంద బచ్చలి పెట్టకు. రెంటి మధ్యన పెరుగు పచ్చడి ఒక్క గరిటె వెయ్యి. ఆ తెల్లదనం మీద ఆవాలు, ఎండుమిరప ముక్క కనిపిస్తుంటే అటూ ఇటూ ఉన్న కూరలకు కూడా కళ వస్తుంది. ఏదైనా కొంచెమే వెయ్యి. మారు అడిగి అడిగి వడ్డించడంలోనే మన మర్యాదంతా ఉంది.

పులిహోర విషయంలో తొందర పడకు. అన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పులుసు కలిపి, పోపులో సగం అట్టిపెట్టుకో. పలాస జీడిపప్పు, కరివేపాకు కరకరలాడుతుండగానే, వడ్డించే ముందు పైన చల్లు. గిన్నెలో అదిమి బోర్లించే ముద్దల కన్నా, వేళ్లతో వదులుగా పోసిన కుప్పే నాకు అందంగా అనిపిస్తుంది.

అరిటాకు దొరక్కపోతే అడ్డాకుల విస్తరి ఉండనే ఉంది. సీతంపేట, పార్వతీపురం వైపు కొండల్లో గిరిజనులు అడ్డతీగ ఆకులు కోసి, సన్నటి పుల్లలతో కుట్టే విస్తర్లవి. నీళ్లు చిలకరించి తుడిచి వెయ్యి. కుట్ల మధ్య నుంచి పులుసు కారుతుంది, దానికి వేరే దొప్ప పెట్టాలి. ఆ మట్టిరంగు ఆకు మీద తెల్లటి అన్నం, పసుపు పచ్చటి ముద్దపప్పు, పైన నెయ్యి ఎంత బాగుంటాయో!

ఇక ఇత్తడి. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి ఊరు ఇత్తడి పనికి పేరు, ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అలాంటి పాత్ర ఇంట్లో ఉంటే అటక మీద దాచకు. అరిసెలు, లడ్డూలు, పళ్లు అందులో పెట్టి మధ్యన ఉంచు. చింతపండు పడినవి మాత్రం కళాయి లేని ఇత్తడిలో పెట్టొద్దు. పులుపు తగిలితే లోహం వంటలోకి దిగుతుంది, చిలుము పడుతుంది. ఇది అందం సంగతి కాదు, ఆరోగ్యం సంగతి. మెరుపు చూసి పులిహోర అందులో సర్దేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకూ చెప్పు.

చివరగా ఒక్కమాట. గిన్నె అంచుకు అంటిన పులుసును తుడిచిన తర్వాతే వంటగది దాటించు. దానికి అర నిమిషం పట్టదు. వచ్చే పండక్కి కొత్త ప్లేట్లు కొనే ముందు ఒక్క కట్ట అడ్డాకుల విస్తర్లు తెప్పించు చెల్లీ. కుట్టిన చేతులకు నాలుగు డబ్బులు దక్కుతాయి, నీ వంటకూ అందం వస్తుంది.