నేల మరువని స్థలములు
పాఠ్యభాగములు: ఆదికాండము 4:1–12, యోబు 2:11–13

కయీను తన తమ్ముని చంపిన పిమ్మట దేవుడు అతనిని మొదట అడిగినది తమ్ముడు ఎక్కడనున్నాడని. అది స్థలమును గూర్చిన ప్రశ్న. హేబెలు రక్తము నేలలోనుండి మొరపెట్టుచున్నదని ఆయన సెలవిచ్చెను. మనుష్యుడు కప్పిపుచ్చినను నేల మరువదని ఈ భాగమువలన మనము నేర్చుకొనుచున్నాము.

మన సంఘస్థుల బిడ్డలు నేడు ఉద్యోగములకును విహారమునకును అనేక దేశములు తిరుగుచున్నారు. ఒక జాతినే నిర్మూలము చేయజూచిన స్థలములు కొన్ని దేశములలో జ్ఞాపకార్థముగా కాపాడబడుచున్నవి. అట్టి చోట విశ్వాసి ఏ మనస్సుతో అడుగుపెట్టవలెను? ఈ నెల పాఠమునకు ఆఫ్రికాలోని రువాండా దేశమును తీసికొనుచున్నాము. ఏలయనగా అక్కడ ఆ స్థలములలో కొన్ని దేవాలయములే.

1994 ఏప్రిల్ 7 మొదలుకొని సుమారు 100 దినములలో ఆ చిన్న దేశములో ఎనిమిది లక్షలకు పైగా జనులు చంపబడిరి. వారిలో మిక్కిలి ఎక్కువమంది టుట్సీలు. వారిని దాచిన హుటులును, ఆ హత్యలకు ఒప్పుకొనని హుటులును కొందరు చంపబడిరి. చంపినవారును చచ్చినవారును ఒకే భాష మాట్లాడువారు, ఒకే కొండమీద కాపురమున్నవారు, ఆదివారమున ఒకే బల్లమీద కూర్చున్నవారు. బెల్జియము వారి పరిపాలనలో, 1930 తరువాతి సంవత్సరములలో, ప్రతివాని గుర్తింపు కార్డుమీద వాడు హుటువో టుట్సీవో వ్రాయించిరి. అరువది యేండ్ల తరువాత దారులకడ్డముగా నిలిచిన హంతకులు ఆ కార్డునే అడిగి చూచిరి. మిషను బడులు కూడ చాలకాలము ఆ భేదమునే పాటించెను. మిషను బడులలో చదువుకొన్న మనకు ఇది చేదుగా నుండును గాని విడిచిపెట్టదగిన సంగతి కాదు.

ముఖ్యపట్టణమైన కిగాలికి దక్షిణముగా సుమారు ముప్పది కిలోమీటర్లలో న్యమాట అను ఊరు ఉన్నది. మునుపటి అల్లర్లలో దేవాలయమునకు పారిపోయినవారు బ్రదికిరి గనుక ఈసారియు జనులు అక్కడి రోమను కతోలిక దేవాలయములోనికి పరుగెత్తిరి. ఆ మందిరములోను దాని ఆవరణములోను సుమారు పదివేలమంది చంపబడిరి. ఇప్పుడు అక్కడ ఆరాధన జరుగదు. చచ్చినవారి బట్టలు బల్లలమీద కుప్పలుగా నున్నవి. పైకప్పు రేకులలోని చిల్లులగుండ వెలుతురు చుక్కలుగా పడును. బలిపీఠముమీద రక్తపు మరకలుగల వస్త్రమున్నది. లోపల ఫోటోలు తీయనియ్యరు. ఆ కట్టడి మంచిదే. చేతిలో కెమెరా యున్నవాడు దేనిని తీయవలెనా యని చూచును గాని, చచ్చిన బిడ్డ చొక్కా ఎంత చిన్నదో చూడడు.

యోబు స్నేహితులు దూరప్రయాణము చేసి వచ్చి, అతని దుఃఖము చూచి, ఏడు దినములు నేలమీద కూర్చుండి ఒక్క మాటయైనను పలుకలేదు. వారు చేసిన మేలంతయు ఆ ఏడు దినములలోనే జరిగెను. నోరు తెరచినది మొదలు కీడే. అట్టి చోటికి వెళ్లు యాత్రికుడు ఆ ఏడు దినములను అనుసరించుట మేలు. మాట్లాడుటయే పనిగాగల మావంటి కాపరులకు ఇది మరీ కష్టము! అక్కడ దారి చూపువారిలో కొందరు తమ యింటివారిని పోగొట్టుకొన్నవారే. వారు చెప్పినంత వినవలెను. చెప్పనిదానిని త్రవ్వి అడుగరాదు.

అది రోమను సంఘపు సంగతి, మనకేమి, అని చదువరులలో ఎవరైనను అనుకొందురేమో. ముగొనెరో అనుచోట ఆశ్రయము కోరి జనులు చేరినది ప్రొటెస్టంటు మిషను ఆవరణములోనికే. ఆ ప్రాంతపు అడ్వెంటిస్టు సంఘాధ్యక్షుడైన ఎలిజఫాన్ న్టకిరుటిమానా జాతిసంహారమునకు తోడ్పడెనని, అరూషాలోని అంతర్జాతీయ న్యాయస్థానము 2003లో తీర్పు చెప్పి పది సంవత్సరముల శిక్ష విధించెను. బాప్తిస్మపు నీళ్లకంటె కార్డుమీది సిరా చిక్కనైనది ఎట్లు? యాత్రికుడు పుర్రెలను లెక్కించుటకంటె ఈ ప్రశ్నను మోసికొని వచ్చుట మంచిదని మా అభిప్రాయము. క్రొత్తవాడు కనబడగానే ఏ పేటవాడవని అడుగు మన ఊళ్లలో దానిని దించుకొనుటకు చోటు దొరకకపోదు.

న్యాంగే అను మరియొక ఊరున్నది. 1994 ఏప్రిల్‌లో అక్కడి దేవాలయమును, లోపల జనులుండగానే, బుల్‌డోజరుతో కూలద్రోసిరి. అదే ఊరి పాఠశాలలోనికి 1997 మార్చి 18 రాత్రి ఆయుధములతో కొందరు చొరబడి, హుటు విద్యార్థులు ఒక ప్రక్కకు, టుట్సీ విద్యార్థులు మరియొక ప్రక్కకు పొండని ఆజ్ఞాపించిరి. పిల్లలు కదలలేదు. మేమందరము రువాండా వారమే అనిరి. అందునుబట్టి వారిలో కొందరు ప్రాణము కోల్పోయిరి. ఆ దేశము వారిని వీరులుగా ఎంచుచున్నది. ఎముకలున్న చోట్లు చూచి తిరిగివచ్చువారు న్యాంగే పిల్లలను గూర్చియు అడిగి తెలిసికొనవలెను.

వెళ్లదలచినవారికి మరి రెండు మాటలు. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 7 మొదలుకొని వారము దినములు దేశమంతట సంతాపము; ఆ దినములలో పాటలు, వేడుకలు పెట్టుకొనరు. ఇక నీవు హుటువా, టుట్సీవా అని అక్కడ ఎవరిని అడుగరాదు. ఇప్పటి కార్డులమీద ఆ మాట వ్రాయుట లేదు.